ముల్లంగి మడిలో పడిన రాకెట్

రాకెట్టు లేచింది. కాస్త ఎత్తు వెళ్ళింది. అంతలోనే గిరుక్కున తిరిగి పక్కింటి అవినాశ్ బాబు ముల్లంగి మడిలో పడింది. మడి పాడైనందుకు ఐదు వందల రూపాయలు నష్టపరిహారం కట్టాల్సిందేనని ఆయన పట్టుబట్టాడు. ఇంతకీ తప్పెక్కడ జరిగింది? గడియారానికి కీ ఇవ్వబోయిన పనివాడు ప్రహ్లాద్ పొరపాటున ముల్లునే తిప్పేశాడు. క్షణం అటూ ఇటూ అయితేనే చెడిపోయే పని. ఇక్కడ ఏకంగా మూడున్నర గంటలు ఆలస్యమైంది.

1961లో ‘సందేశ్’ అనే బెంగాలీ పిల్లల పత్రికలో సత్యజిత్ రాయ్ రాసిన ‘వ్యోమయాత్రికుడి డైరీ’లోది ఈ ఘట్టం. ప్రొఫెసర్ త్రిలోకేశ్వర్ శంకు పాఠకుల ముందుకు వచ్చిన తొలి కథ అది. ఆ తర్వాత రాయ్ దాదాపు మూడు దశాబ్దాల పాటు శంకు కథలు రాస్తూనే ఉన్నారు. పూర్తయినవి 38, అసంపూర్తిగా మిగిలినవి రెండు. బెంగాల్లో చదువు వచ్చిన ఏ ఇంట్లో అడిగినా శంకు పేరు తెలుసు. గిరిడీలో ఉస్రీ నది ఒడ్డున ఇల్లు, ఇంట్లో ప్రయోగశాల, న్యూటన్ అనే పిల్లి, బట్టతల, గడ్డం, కళ్ళజోడు. మనకు ‘చందమామ’లో విక్రమార్కుడూ భేతాళుడూ ఎంత దగ్గరో, అక్కడి పిల్లలకు శంకు అంత దగ్గర.

అయితే 1961 నాటి శంకు వేరు, ఆ తర్వాతి శంకు వేరు. పేరొకటే, ఊరొకటే, మనిషి మాత్రం మారిపోయాడు. నాకు ఆ మొదటి శంకు అంటేనే ప్రాణం. ఎందుకో చెప్పాలంటే ఆయన గురించి మాత్రమే మాట్లాడితే సరిపోదు. ఆయన రాకెట్లో ఎవరెవరు ఎక్కారో కూడా చూడాలి.

అవతారాలు మారే కథానాయకుడు

సైన్స్ ఫిక్షన్లో ఏళ్ళ తరబడి నడిచే కథానాయకుడికి అవతారాలు తప్పవు. బ్రిటన్‌లో బీబీసీ 1963 నవంబరులో మొదలుపెట్టిన ‘డాక్టర్ హూ’ దీన్ని బాహాటంగానే ఒప్పుకుంది. మొదటి డాక్టరుగా విలియం హార్ట్‌నెల్ వేశారు. చిరాకు పడే ముసలాయన పాత్ర అది. 1966లో ఆయన ఆరోగ్యం సహకరించక తప్పుకుంటుంటే, డాక్టరు శరీరమే మారిపోతుందని కథలో కల్పించి ప్యాట్రిక్ ట్రౌటన్‌ను తెచ్చారు. అప్పటి నుంచి ప్రతి అవతారానికీ వేరే ముఖం, వేరే నడక, వేరే కోపం. ఏ డాక్టరు గొప్ప అన్న వాదన ఇప్పటికీ తెగలేదు.

శంకు విషయంలో ముఖం మారలేదు. బొమ్మలు వేసిందీ రాయే, రాసిందీ రాయే. డైరీలో తేదీ, నెల ఉంటాయి గానీ సంవత్సరం ఉండదు కాబట్టి వయసు లెక్క కూడా అందదు. అందుకే చదివేవాడికి మార్పు ఒక పట్టాన కనిపించదు. ఒక రోజు మొదటి కథనూ, 1980లో వచ్చిన ‘నకుర్‌బాబు, ఎల్ డొరాడో’నూ వెంట వెంట చదివితే తెలుస్తుంది, ఎంత దూరం వచ్చేశామో.

మొదటి కథలో శంకు పరిచయమే కోపంతో జరుగుతుంది. జనవరి 1, పొద్దున్నే వాహ్యాళికి వెళ్ళి ఇంటికి వచ్చేసరికి ఎదురుగా వికారంగా ఉన్న ఒక మనిషిని చూసి కేకేస్తాడు. తీరా చూస్తే అద్దంలో తనే. అద్దం మీద క్యాలెండరు వేలాడేది, ఏళ్ళుగా ఆయన తన ముఖం తాను చూసుకోలేదు. ఏడాది అయిపోయింది కదా అని ప్రహ్లాద్ క్యాలెండరు తీసేశాడు. అంత మాత్రానికే శంకు తాను కనిపెట్టిన నస్యాస్త్రం తీసి వాడి మీద ప్రయోగిస్తాడు. ఆయన లెక్క ప్రకారం 33 గంటల దాకా తుమ్ములు ఆగవు. అవినాశ్ బాబు వచ్చి రాకెట్టు గురించి ఎకసెక్కాలాడితే, మహాభారతంలోని జృంభణాస్త్రం చదివి తయారుచేసిన మాత్రను శాకరిన్ బదులు ఆయన టీలో వేస్తాడు. ముందు ఆవలింతలు, తర్వాత గాఢనిద్ర, ఆ నిద్రలో భయంకరమైన పీడకలలు. అంతకు ముందే పావు మాత్ర తన మీదే వేసుకుని చూశాడు. పీడకలలకు గడ్డం ఎడమవైపు నెరిసిపోయింది.

తర్వాతి శంకు ఇలాంటి పనులు చేయడు. ఆయన పెద్దమనిషి. 69 భాషలు తెలిసినవాడు, స్వీడన్ అకాడమీ గౌరవం పొందినవాడు. మిరాక్యురాల్ అనే సర్వరోగ నివారిణి, శత్రువును ఆనవాలు లేకుండా చేసే అనైహిలిన్ పిస్తోలు, ఏ భాషనైనా తర్జుమా చేసే లింగ్వాగ్రాఫ్ ఆయన కనిపెట్టినవే. అన్నీ చేత్తో చేసినవే, కర్మాగారంలో తయారుకానివే. ఆ నియమం నాకు ఎంతో ఇష్టం. అయినా ఆ మనిషి మీద గౌరవం కలుగుతుంది గానీ చనువు కలగదు. మొదటి శంకు మీద కలిగేది చనువు. పొరుగింటివాళ్ళతో తగాదా ఉన్న మనిషి, పంతం ఉన్న మనిషి, సొంత పెరట్లోంచి అంగారకుడికి బయల్దేరిన మనిషి.

పుట్టగొడుగు, పాము కుబుసం, తాబేలు గుడ్డు డిప్ప

రాకెట్టు దేనితో చేశాడో రాయ్ వివరంగా చెప్పారు. పుట్టగొడుగు, పాము కుబుసం, తాబేలు గుడ్డు డిప్ప కలిపి ఒక మిశ్రమం చేశాడు. దానికి చివరి దినుసు ఒకటి కలపాలి. రెండు రసాయనాల్లో ఏది కలపాలో తేలడం లేదు. ఒకటి కలపబోతుంటే, ఆయనే చేసిన మరమనిషి విధుశేఖర్ తల అడ్డంగా విపరీతంగా ఊపాడు. రెండోది చూపిస్తే నిలువుగా ఊపాడు. సరే అని రెండోదే వాడాడు శంకు. ఆ తర్వాత ఊరుకోలేక మొదటిదాన్ని కాస్తంత కలిపి చూస్తే భయంకరమైన పేలుడు. తను చేసిన యంత్రానికి తను పెట్టని తెలివి ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు అంతుపట్టదు. అంతుపట్టదని డైరీలో నిజాయితీగా రాసుకుంటాడు. కృత్రిమ మేధ గురించి ఇవాళ మనం పడుతున్న ఆశ్చర్యానికి ఆ పేజీ అరవై ఏళ్ళ ముందే మాటలు అందించింది.

ఈ కథ వచ్చిన కాలాన్ని గుర్తు చేసుకోవాలి. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ అంతరిక్షంలోకి వెళ్ళొచ్చాడు. ఆ ఏడాదే శరత్కాలంలో శంకు డైరీ అచ్చులో మొదలైంది. మన దేశంలో తుంబా నుంచి తొలి రాకెట్టు లేచింది 1963 నవంబరు 21న. అక్కడ రాకెట్టు భాగాలను సైకిల్ మీద మోసుకెళ్ళిన ఫొటో, చర్చి భవనంలో పని సాగిన వైనం అందరికీ తెలిసినవే. అంటే దేశానికి రాకెట్టు రావడానికి రెండేళ్ళ ముందే గిరిడీలో ఒక ముసలాయన పెరటి సామాన్లతో అంగారకుడికి బయల్దేరాడు. నిజంగా అంగారకుడి చుట్టూ తిరిగే నౌక మన తెలుగు నేల మీది శ్రీహరికోట నుంచే 2013 నవంబరు 5న లేచి, 2014 సెప్టెంబరు 24న కక్ష్యలో చేరింది.

రాయ్ తన ప్రొఫెసర్‌కు గిరిడీలోనే ఇల్లు కట్టివ్వడం కూడా ఊరికే జరిగిందని నేను అనుకోను. శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోస్ 1937లో కన్నుమూసింది అక్కడే. మొక్కల పెరుగుదలను కొలిచే క్రెస్కోగ్రాఫ్ లాంటి సున్నితమైన పరికరాలను బోస్ మన దేశపు చేతిపనివాళ్ళతోనే చేయించుకున్నారు. తొలి రోజుల్లో ఆయనకు సాయపడింది ఒక మామూలు రేకుపనివాడు. బెంగాలీ సైన్స్ ఫిక్షన్‌కు ఆద్యుల్లో ఒకరు కూడా ఆయనే. తలనూనె సీసాతో తుపానును శాంతింపజేసే కథను 1896లో రాశారు. శంకులో ఉన్న ఆ స్వదేశీ పట్టుదల, చేతిపని మీది నమ్మకం ఎక్కడి నుంచి వచ్చాయో ఇంతకన్నా వెతకనక్కర్లేదు. హాస్యం మాత్రం ఇంటిదే. సత్యజిత్ తండ్రి సుకుమార్ రాయ్ రాసిన ‘హేశోరాం హుషియార్ డైరీ’ వింత జంతువుల యాత్రా కథ. మొదటి శంకు దాని వారసుడు.

గామ్‌చాతో తుడిచేసినవాడు

ఖరగ్‌పూర్‌లోని తాల్‌బగీచాలో ఈ కథ గురించి మాట్లాడుకుంటే మాట చివరికి ప్రహ్లాద్ దగ్గరికే వస్తుంది.

ఐఐటీకి దగ్గర్లోని ఈ పేటలో బెంగాలీ ఇళ్ళే ఎక్కువ. ఖరగ్‌పూర్ మొత్తం మీద చూస్తే మాత్రం తెలుగువాళ్ళు తక్కువేం కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి పనికోసం వచ్చినవాళ్ళ పిల్లలు, మనవలు, మునిమనవలు. ఇంట్లో తెలుగు, కాలనీలో హిందీ, బజారులో బెంగాలీ. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే, ఆ నిర్ణయం వెనక ముందుగా కనిపించేది ఈ ఊరే. ఇక్కడి పిల్లలకు శంకు తర్జుమాలో దొరకడు, నేరుగా బెంగాలీలోనే దొరుకుతాడు.

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంటి అరుగు మీద ఒక సాయంత్రం ఈ కథ విన్నాం. మనవరాలు బెంగాలీ చదివి తెలుగులో చెబుతోంది. అంగారకుడి ఎర్రటి నది, నీలం చెట్లు, ఆకుపచ్చ ఆకాశం వచ్చినప్పుడు ఆయన ఊరకే తలాడించారు. వెనక్కి వెళ్ళి రాకెట్టు పడిపోయిన పేజీ మళ్ళీ చదవమన్నారు. “మార్సుకి ఎల్డం తరవాత సంగతి గానీ బావూ, ఆ గడియారానికి కీ ఇచ్చినోడు ఎవుడు? ఆడికి ముల్లుకీ కీకీ తేడా ఎవులైనా సెప్పేరా? సెప్పకుండా ఆడి మీద తుమ్ముల మందు సల్లితే ఏటి నాబం?” అన్నారు. వరస కాస్త కలిసిపోయింది గానీ (తుమ్ముల శిక్ష గడియారం తప్పుకు కాదు, క్యాలెండరు తీసినందుకు) ఆయన పట్టుకున్న పాయింటు గట్టిది. పని చెప్పకుండా పనివాణ్ణి శిక్షించిన యజమాని ఆయనకు ఆ కథలో కనిపించాడు.

రాయ్ కూడా అది చూశారు. అందుకే అదే కథలో ప్రహ్లాద్‌కు ఒక గొప్ప క్షణం ఇచ్చారు. ఒక రోజు ప్రయోగశాలలో బల్లి పడి బైకార్నిక్ ఆసిడ్ సీసా ఒలికిపోతుంది. ఆసిడ్ జరజరా పారడాక్సైట్ పొడి వైపు పాకుతోంది. రెండూ కలిస్తే ఏమవుతుందో తెలిసిన శంకుకు కాళ్ళూ చేతులూ ఆడవు. అప్పుడు ప్రహ్లాద్ లోపలికి వస్తాడు, చూస్తాడు, నవ్వుతూ గామ్‌చా (తుండుగుడ్డ) తీసి ఆసిడ్ తుడిచేస్తాడు. మరో ఐదు క్షణాలైతే ప్రయోగశాల, రాకెట్టు, విధుశేఖర్, ప్రహ్లాద్ ఎవరూ మిగిలేవారు కాదు.

తెలివి తక్కువ వాళ్ళకు భయం కూడా ఆలస్యంగా తడుతుందని శంకు దీనికి వ్యాఖ్యానం చెప్పుకుంటాడు. అంగారకుడికి ప్రహ్లాద్‌ను వెంట తీసుకెళ్ళడానికి అది కూడా ఒక కారణం. ఈ వ్యాఖ్యానం నాకు రుచించదు. ఒలికినదాన్ని ముందు తుడవాలి, లెక్కలు తర్వాత చూసుకోవాలి అన్నది పనిచేసేవాడి చేతికి అలవాటైన తెలివి. ఇంజిన్ల మధ్య, నూనె మరకల మధ్య బతికిన ఈ ఊళ్ళో ఖలాసీలకూ ఫిట్టర్లకూ అది కొత్త కాదు. ప్రొఫెసర్ దాన్ని గుర్తించలేకపోయాడు గానీ కథ గుర్తించింది. యజమాని డైరీలో యజమాని మాటల మధ్య నుంచే పనివాడి సమర్థత మనకు కనిపించేలా రాశారు రాయ్.

రాకెట్లో ఎక్కిందెవరు? ఒక ప్రొఫెసరు, ఆయన పనివాడు, ఒక పిల్లి, ఒక మరమనిషి. దారి పొడవునా ప్రహ్లాద్ రామాయణం చదువుకుంటాడు. న్యూటన్‌కు చేప మాత్ర, మనుషులకు మర్రిపండు రసంతో చేసిన వటికా ఇండికా. ఒక్కటి మింగితే రోజంతా ఆకలిదప్పులు ఉండవు. విధుశేఖర్ బెంగాలీ నేర్చుకుంటాడు. ఒక మామూలు ఇంటిని ఉన్నదున్నట్టుగా పెకలించి ఆకాశంలోకి పంపారు రాయ్. అంగారకుడి మీద చేపా కాని, మనిషీ కాని, జంతువూ కాని జీవి తరుముకొస్తుంటే ప్రహ్లాద్ ఒక చేత్తో న్యూటన్‌ను పట్టుకుని ప్రాణాలు ఉగ్గబట్టి రాకెట్టు వైపు పరిగెడతాడు. తన ప్రాణం మీదికి వచ్చినా పిల్లిని వదల్లేదు. ఆ పరుగు కోసం నేను ఎన్నిసార్లయినా ఆ కథ తెరుస్తాను.

తర్వాతి శంకు ప్రయాణాల్లో ప్రహ్లాద్ లేడు. ఇంటి దగ్గరే ఉండిపోయాడు, తలుపు తీస్తాడు, కాఫీ తెస్తాడు. శంకు పక్కన ఇప్పుడు ఇంగ్లండు నుంచి జెరెమీ సాండర్స్, జర్మనీ నుంచి విల్‌హెల్మ్ క్రోల్. ఊళ్ళు కూడా మారాయి. టిబెట్, కాంగో, బాగ్దాద్, అమెజాన్ అడవులు. అవినాశ్ బాబు మాత్రం అప్పుడప్పుడూ వెంట వెళ్తాడు. గోపాల్‌పూర్ సముద్రతీరం దాకా వచ్చి ఎర్రచేపల కథలో కూడా ఉన్నాడు. ముల్లంగి మడి తగాదా మరిచిపోయి దోస్తీ కలిసింది, సంతోషమే. పనివాడికి మాత్రం ఆ చోటు మళ్ళీ దొరకలేదు. శంకు ప్రపంచం పెద్దదైంది, ఆయన ఇల్లు చిన్నదైంది.

వ్యంగ్యం నుంచి గౌరవానికి

ఎందుకు మారాడు? మొదటి కథ ఒక ఆటగా మొదలైంది. దాని చట్రం చూడండి. సుందర్‌బన్స్‌లో ఉల్క పడిన గుంటలో డైరీ దొరికిందంటూ తారక్ చటర్జీ అనే ఆయన తెచ్చి ఇస్తాడు. సిరా రంగు చూస్తుండగానే ఎరుపు, నీలం, పసుపుగా మారుతుంది. కాగితం చిరగదు, కాలదు, రబ్బరులా సాగుతుంది. ఇంతటి డైరీని ప్రపంచానికి చూపిద్దామనుకునేలోపు చీమలు తినేస్తాయి. సాక్ష్యం మిగలదు. ఒక్కసారి నవ్వించి వెళ్ళిపోవాల్సిన మనిషి శంకు.

పాఠకులు పోనివ్వలేదు. గిరిడీ ఇంట్లో మరో 21 డైరీలు దొరికాయని కల్పించి రాయ్ ఆయన్ని వెనక్కి తెచ్చారు. తిరిగి తిరిగి వచ్చే పాత్రకు ఒక నిలకడ కావాలి, ఒక నీతి కావాలి, గతం కావాలి. ఆ గతాన్ని 1990లో వచ్చిన ‘స్వర్ణపర్ణి’లో రాయ్ పూరించారు. 16 ఏళ్ళకు డిగ్రీ, 20 ఏళ్ళకు కలకత్తా స్కాటిష్ చర్చి కాలేజీలో ప్రొఫెసరు ఉద్యోగం, పేదలకు ఉచితంగా వైద్యం చేసిన తండ్రి త్రిపురేశ్వర్. మిరాక్యురాల్ మూలిక దొరికాక యువ శంకు నాజీల బెర్లిన్‌కు వెళ్ళి ఒక యూదు పండితుడి ప్రాణం నిలబెడతాడు. రాయ్ పూర్తి చేసిన చివరి శంకు కథ అది. చాలా గొప్ప కథ. ఆ శంకును నేను తక్కువ చేయను. 2019లో సందీప్ రాయ్ తీసిన ‘ప్రొఫెసర్ శంకు ఓ ఎల్ డొరాడో’ సినిమాలో ధృతిమాన్ చటర్జీ వేసింది కూడా ఈ గంభీరమైన శంకునే. నెమ్మదైన గొంతు, నిలకడైన చూపు. ఆ పాత్రకు అంతకన్నా తగినవాడు లేడు. ముల్లంగి మడిలో రాకెట్టు పడేసిన మనిషి మాత్రం ఆ సినిమాలో ఉండలేడు.

ప్రొఫెసరునే కథానాయకుణ్ణి చేసే ఈ దారిలో మన తెలుగు సినిమాలు పెద్దగా నడవలేదు. 1980 నాటి ‘సూపర్‌మ్యాన్’లో ఎన్టీ రామారావుకు శక్తులు వచ్చింది వేరే గ్రహం నుంచి కాదు, ఆంజనేయుడి వరంతో. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’లో కాలయంత్రం చేసిన ప్రొఫెసరు టిన్నూ ఆనంద్ పక్కపాత్ర, దాన్ని ఎక్కి రాయల కొలువుకు వెళ్ళే బాలకృష్ణ కథానాయకుడు. రెండూ నాకు ఇష్టమైన సినిమాలే. బుర్ర ఒకరిది, భుజబలం ఒకరిది అని మన కథలు పంచిపెట్టాయి. బట్టతల ప్రొఫెసరే కథానాయకుడైతే, ఆయన పక్కన ఖలాసీ లాంటి పనివాడు సమానంగా నిలబడితే ఎలా ఉంటుందో మన పిల్లలకు తెలుగులో ఇంకా బలంగా చూపించాల్సే ఉంది.

తుమ్ముకు తుమ్ము

మొదటి కథ ముగింపు తెలియనివాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు. అంగారకుడి నుంచి ప్రాణాలు దక్కించుకున్నాక రాకెట్టు టాఫా అనే గ్రహం చేరుతుంది. అక్కడివాళ్ళు చీమల్లాంటి జీవులు, బొరియల్లో ఉంటారు, శంకును ఆదరంగా చూస్తారు. తమ దగ్గర శాస్త్రవేత్తలు లేరని అంటారు. ఆయనకు నచ్చదు. తన విద్య ఏమిటో చూపిద్దామని వాళ్ళ పెద్ద మీద నస్యాస్త్రం ప్రయోగిస్తాడు. ఏమీ జరగదు. ఆ జీవులు ఇంకా తుమ్మడం నేర్చుకోలేదు. డైరీ అక్కడ ఆగిపోతుంది.

మొదటి పేజీలో పనివాడి మీద పనిచేసిన ఆయుధం చివరి పేజీలో పరాయి గ్రహం మీద పనిచేయలేదు. ఇంట్లో అధికారానికి సాధనమైనది ఇంటి బయట ఉత్త పొడి అయిపోయింది. ఇంత పదునుగా తన కథానాయకుణ్ణి పరీక్షకు పెట్టడం తర్వాతి కథల్లో రాయ్ చేయలేదు. తర్వాతి శంకు ఆయుధాలు గురి తప్పవు. మొదటి శంకును వేరు చేసేది ఇదే. ఆయన ఓడిపోగలడు, ఆ ఓటమిని తన చేత్తో డైరీలో రాసుకోగలడు.

ఈ కథ తెలుగులోకి నేరుగా బెంగాలీ నుంచి, బాగా రావాలి. మన భాషకు ఆ దారి కొత్త కాదు. బెంగాలీ నవలాకారుడు శరత్‌బాబును తెలుగింటి మనిషిని చేసిన చక్రపాణే 1947లో నాగిరెడ్డితో కలిసి ‘చందమామ’ను తెచ్చారు. పెద్దల నవలలకు దొరికిన ఆ శ్రద్ధ పిల్లల ప్రొఫెసర్‌కు కూడా దొరకాలి. ఆ పని చేయడానికి ఖరగ్‌పూర్ కన్నా తగిన ఊరు నాకు తోచదు. ఇక్కడి పిల్లలు రెండు భాషల్లోనూ కలలు కంటారు. అనువదించేవాళ్ళకు నా విన్నపం ఒకటే. శంకు మాటలు శిష్ట భాషలో ఉంటే ఉండనివ్వండి, రసాయనాల పేర్లు రాయ్ పెట్టినట్టే ఉంచండి. ప్రహ్లాద్ చేత మాత్రం శ్రీకాకుళం యాస మాట్లాడించండి.